రోడ్డు అంచుకు ఒక ప్రొఫెసరు కావాలి
చెన్నై ఇంజినీరింగ్ కాలేజీల్లోని తెలుగు అధ్యాపకులకు బహిరంగ లేఖ

అధ్యాపకులకు నమస్కారం.

చెన్నై చుట్టుపక్కల ఏ ఇంజినీరింగ్ కాలేజీ స్టాఫ్ రూములోకి తొంగిచూసినా సివిల్‌లో ఇద్దరు, మెకానికల్‌లో ముగ్గురు మనవాళ్లు తగులుతారు. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో చదువుకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లు కొందరు, తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నవాళ్లు కొందరు. పండక్కి మాధవరం బస్టాండులో సీటు కోసం తంటాలు పడేది మీరే. పిల్లల్ని వెనక సీట్లో పడుకోబెట్టుకుని గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట మీదుగా సొంత కారులో తెల్లవారుజామున బయల్దేరేదీ మీరే. అందుకే ఈ ఉత్తరం మీకు, తెలుగులో. హైవే అధికారులకు రాయాల్సింది ఆఫీసు లెటర్‌హెడ్ మీద రాస్తూనే ఉంటాను. అది నా ఉద్యోగం.

నేను రోడ్ సేఫ్టీ ఆడిటర్‌ని. పుట్టిల్లు గూడూరు, కాపురం అంబత్తూరులో. రిఫ్లెక్టివ్ జాకెట్ వేసుకుని, కొలత చక్రం తోసుకుంటూ, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) వాళ్ల రోడ్డు భద్రతా ఆడిట్ మాన్యువల్ ఎస్‌పీ 88 ప్రకారం హైవే పక్కన నడుస్తాను. రోడ్డు మీద ఏముందో అందరూ చూస్తారు. బండి రోడ్డు దిగితే ఎదురయ్యేది ఏమిటో చూడమని నాకు జీతమిస్తారు. కల్వర్టు గోడ, కరెంటు స్తంభం, సైన్‌బోర్డు కాలు, చింతచెట్టు, మూతలేని డ్రెయిను, నిలువునా దిగిపోయే గట్టు. ఆ గట్టు మీంచి పడకుండా పెట్టిన ఇనప బ్యారియర్ కూడా నా జాబితాలో ప్రమాదాల వరసలోకే వస్తుంది, చాలాసార్లు అన్నిటికంటే ముందు.

అడగదలచుకున్నది ముందే అడిగేస్తాను. మీలో ఎవరో ఒకరు తమ మిగిలిన సర్వీసంతా ఈ రోడ్డు అంచుకు రాసిచ్చేయాలి. ఒక ఫైనలియర్ ప్రాజెక్టుతో, జనవరి నెల రోడ్డు భద్రతా ర్యాలీతో సరిపెట్టుకునే పని గురించి కాదు నేను చెప్పేది. పాతికేళ్లు, ముప్పై ఏళ్లు పట్టే పని. అత్యాశ అనుకుంటారేమో. అలా చేసిన మనిషి ఉన్నాడు కాబట్టే అడుగుతున్నాను.

ఆయన పేరు డీన్ సికింగ్, అమెరికన్ ఇంజినీరు. టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో చదివి, అక్కడి ట్రాన్స్‌పోర్టేషన్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసి, 1992లో నెబ్రాస్కా యూనివర్సిటీలో సివిల్ ప్రొఫెసరుగా చేరాడు. ఆ యూనివర్సిటీకి మిడ్‌వెస్ట్ రోడ్‌సైడ్ సేఫ్టీ ఫెసిలిటీ అని ఒక కేంద్రం ఉంది. దానికి డైరెక్టరయ్యాడు. లింకన్ నగరంలో ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉన్న ఖాళీ కాంక్రీటు మైదానమే వాళ్ల ల్యాబు. అక్కడ నిజమైన గార్డ్‌రైల్, అంటే రోడ్డు పక్క ఇనప బ్యారియర్, పాతి, నిజమైన బండిని దాని మీదికి పంపుతారు.

బండిని పంపే పద్ధతి మెకానికల్ వాళ్లకు నచ్చుతుంది. పరీక్ష బండిలో డ్రైవరు ఉండడు. దాన్ని ఇంకో బండి తీగతో లాగుతుంది. లాగే బండి ఎంత వేగంతో పోతే పరీక్ష బండి దానికి రెట్టింపు వేగంతో పోయేలా కప్పీలు అమరుస్తారు. దారి తప్పకుండా ముందు చక్రానికి ఒక గైడ్ బిగించి, నేల మీద బిగుతుగా లాగి కట్టిన ఇంకో తీగకు తగిలిస్తారు. ఆ తీగను మోసే స్టాండ్లు వంద అడుగులకొకటి. బండి వస్తుంటే ఒక్కొక్కటే వాలిపోతాయి. రైల్‌ను తాకడానికి కాస్త ముందు రెండు తీగలూ వదిలేస్తాయి. ఆ తర్వాత బండి దాని ఖర్మ. హైస్పీడ్ కెమెరాలు, బండి నడుమ బిగించిన యాక్సిలరోమీటర్లు మిగతాది రాసుకుంటాయి.

ఇక్కడ మీకు తెలిసిన లెక్కే ఒకసారి వేసుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగం అంటే దాదాపు 39 మీటర్ల ఎత్తు నుంచి కిందపడటంతో సమానం. మౌంట్ రోడ్డు ఎల్ఐసీ బిల్డింగ్ మొత్తం ఎత్తే 54 మీటర్లు. ఆ వేగంతో కల్వర్టు గోడకు ఎదురుగా తగిలితే ఏ సీటు బెల్టయినా చేయగలిగింది కొంతే. అదే బండి 25 డిగ్రీల కోణంలో మంచి బ్యారియర్‌ను తాకితే? బ్యారియర్‌కు అడ్డంగా ఉన్న వేగం గంటకు 42 కిలోమీటర్లే. బ్యారియర్ మింగాల్సిన శక్తి మొత్తంలో ఐదో వంతు కూడా ఉండదు. మిగతాదంతా బండి రైల్‌ను రాసుకుంటూ ముందుకు పోవడంలో, బ్రేకులో కరిగిపోతుంది. అంటే బ్యారియర్ పని బండిని ఆపడం కానే కాదు, దాన్ని మర్యాదగా మళ్లీ దారిలో పెట్టడం. ఈ 100, 25 అనే అంకెలు, బ్యారియర్లను ఎలా గుద్దించి పరీక్షించాలో చెబుతూ 1993లో అమెరికాలో వచ్చిన నివేదిక 350లో ఉన్నాయి. రాసిన నలుగురిలో సికింగ్ ఒకడు. 2009లో దాని స్థానంలో మ్యాష్ అనే మాన్యువల్ వచ్చింది. అందులో పరీక్ష పికప్ బరువు 2000 కిలోల నుంచి 2270కి, చిన్న కారు 820 నుంచి 1100కి పెంచారు. రోడ్డు మీద బళ్లు బరువెక్కాయి కాబట్టి పరీక్షా బరువెక్కింది. చూడటానికి చిన్న విషయం. మన దగ్గర ఈ పని ఎవరి డ్యూటీ అని అడిగి చూడండి, ఒక పేరు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో.

సికింగ్ బృందం చేసిన ఒక పని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే అది రోజూ నా కళ్ల ముందుంటుంది. మన హైవేల మీద మెలికలు తిరిగిన ఇనప రేకు బ్యారియర్ ఉంటుంది కదా, డబ్ల్యూ-బీమ్. అమెరికాలో దాని పైఅంచు ఎత్తు చాలాకాలం 706 మిల్లీమీటర్లు. ఎత్తయిన పికప్‌లు, ఎస్‌యూవీలు వచ్చాక అవి దాని మీదికి ఎక్కి అటువైపు పడటం మొదలైంది. నెబ్రాస్కా వాళ్లు మూడు మార్పులు చేశారు. ఎత్తు 787 మిల్లీమీటర్లకు పెంచారు. రెండు బీమ్‌లు (అడ్డ రేకులు) కలిసే అతుకును పోస్టు (నిలువు గుంజ) దగ్గర నుంచి రెండు పోస్టుల నడిమధ్యకు జరిపారు, ఎందుకంటే అతుకు పోస్టు మీదే ఉంటే అక్కడే చిరుగుతోంది. పోస్టుకూ బీమ్‌కూ మధ్య పెట్టే బ్లాక్‌ను 8 అంగుళాల నుంచి 12 అంగుళాలు చేశారు, చక్రం పోస్టులో ఇరుక్కోకుండా. దీన్నే మిడ్‌వెస్ట్ గార్డ్‌రైల్ సిస్టమ్ అంటారు. కొత్త లోహం లేదు, కొత్త సిద్ధాంతం లేదు. గుద్దించి చూశారు, వీడియో నెమ్మదిగా తిప్పి చూశారు, మార్చారు, మళ్లీ గుద్దించారు.

జనానికి సికింగ్ పేరు తెలిసింది మాత్రం కార్ల రేసుల వల్ల. 2001 ఫిబ్రవరిలో డేటోనా రేసు ఆఖరి ల్యాప్‌లో డేల్ ఎర్న్‌హార్ట్ అనే పెద్ద డ్రైవరు కాంక్రీటు గోడను గుద్ది చనిపోయాడు. అప్పటికే నెబ్రాస్కాలో ఆ గోడల మీద పని నడుస్తోంది. చదరపు ఉక్కు గొట్టాలను కలిపి వెల్డింగ్ చేసి, వాటికీ కాంక్రీటు గోడకీ మధ్య ఫోమ్ దిమ్మెలు పెట్టిన సేఫర్ బ్యారియర్‌ను 2002 మేలో మొదట ఇండియానాపొలిస్ ట్రాక్‌లో బిగించారు. 2005 సంవత్సరానికి గాను అమెరికా ప్రభుత్వం ఆయనకు నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ ఇచ్చింది. 2012లో అలబామా యూనివర్సిటీకి, బర్మింగ్‌హామ్‌కు మారి అమెరికన్ ఫుట్‌బాల్ హెల్మెట్ల మీద పడ్డాడు. రేసు గోడయినా హెల్మెటయినా ఫార్ములా అదే: ఆగే దూరం పెంచు, దెబ్బ తగ్గుతుంది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

నగరం బయట ఒక హైవే మీద ఆడిట్ చేస్తున్నాను. ఏ హైవేనో చెప్పను, చెప్తే తప్పంతా ఆ ఒక్క రోడ్డుదే అనుకుంటారు. వంతెన అప్రోచ్ దగ్గర బ్యారియర్ మొదలవుతుంది. మొదట్లో బీమ్ చివర వెడల్పుగా విచ్చుకుని వచ్చే వాహనాల వైపే చూస్తోంది. సైట్‌లో దాన్ని ఫిష్‌టెయిల్ అంటారు. పసుపు నలుపు చారలు శుభ్రంగా వేశారు. టేపు పెట్టి చూస్తే పైఅంచు రోడ్డు మట్టం నుంచి 600 మిల్లీమీటర్లు కూడా లేదు. బిగించినప్పుడు సరిగానే బిగించి ఉంటారు. తర్వాత రోడ్డుకు తారు ఓవర్‌లేలు వేశారు. రోడ్డు లేచింది, బ్యారియర్ ఉన్నచోటే ఉంది. ఇంకాస్త నడిస్తే అతుకులు తిరగబడి ఉన్నాయి. బండి ముందుగా దాటే బీమ్, తర్వాతి బీమ్‌ను రోడ్డు వైపు నుంచి కప్పాలి. అప్పుడే రాసుకుంటూ వచ్చే బండికి అంచు తగలదు. ఇక్కడ ప్రతి అతుకు దగ్గరా రేకు అంచు బండికి ఎదురుగా ఉంది.

అక్కడున్న సూపర్‌వైజరు ఒంగోలు వైపు కుర్రాడు. పాతికేళ్లు ఉంటాయేమో.

"ల్యాపు రివర్సులో ఉందేంటి తమ్ముడూ?" అన్నాను.

"ట్రెయిలర్ లోడు అటు చివర దింపింది మేడమ్. మనోళ్లు అటునుంచి బిగించుకుంటూ వచ్చేశారు. ఎటు రావాలో డ్రాయింగులో ఉండదు కదా."

"మరి ఈ కొస ఇలా వదిలేశారే?"

"బీఓక్యూలో రన్నింగ్ మీటరు ఒక్కటే ఉంది మేడమ్. ఎండ్ ట్రీట్‌మెంట్ ఐటమే లేదు. లేని ఐటమ్‌కు ఎవరు బిల్లు ఇస్తారు?"

బీఓక్యూ అంటే కాంట్రాక్టులో ఏ పని ఎంత చేయాలో రాసిన పట్టిక. ఎండ్ ట్రీట్‌మెంట్ అంటే కొసను ప్రమాదం కాకుండా ముగించడం. అబద్ధం ఏమీ చెప్పలేదు ఆ అబ్బాయి. డిజైన్ చేసినవాళ్లు కొస గురించి రాయలేదు, టెండరు పిలిచినవాళ్లు అడగలేదు, బిగించినవాళ్లు తెలుసుకోలేదు, కొలిచినవాళ్లు మీటర్లే కొలిచారు. తిలాపాపం తలా పిడికెడు. నా రిపోర్టుకు వచ్చిన జవాబు మాత్రం ఒక్క వాక్యం: నోటెడ్ ఫర్ కంప్లయన్స్. ఈ ముక్క చూస్తే చాలు, ఆ పని ఇక జరగదని మా లైన్లో అందరికీ తెలుసు.

ఆ కొసను కారు ఎదురుగా గుద్దితే రేకు బానెట్ పక్కనుంచి లోపలికి దిగుతుంది. బండి అదుపు తప్పడం గోరుచుట్టు అయితే అది రోకటిపోటు. అమెరికాలోనూ ఒకప్పుడు ఇలాగే ఉండేది. తర్వాత కొసను భూమిలోకి వంచి పాతారు. అప్పుడు అది ర్యాంపులా బండిని గాల్లోకి లేపింది. ఆ తర్వాత టెక్సాస్‌లో సికింగ్, ఆయన సహచరులు ఒక ఇనప తల తయారుచేశారు. బండి గుద్దితే ఆ తల రైల్ వెంబడి వెనక్కి జరుగుతూ మెలికల రేకును చదును చేసి పక్కకు చుట్టిపడేస్తుంది. అంత బలంగా రేకును వంచడానికే బండి శక్తి ఖర్చయిపోతుంది. దాని తర్వాతి రకంలో తయారీ కంపెనీ 2005లో ఒక కొలతను 5 అంగుళాల నుంచి 4కు తగ్గించింది. ఆ ఒక్క అంగుళం మీద కోర్టులో పెద్ద కేసు నడిచింది. 2014లో జ్యూరీ కంపెనీకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది, 2017లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. ఎవరు గెలిచారన్నది పక్కన పెట్టండి. ఒక అంగుళం తేడాను పట్టుకుని ఏళ్ల తరబడి కొట్లాడుకునేంత పరిజ్ఞానం ఆ సమాజంలో ఉంది. మన దగ్గర జానెడు తేడా వచ్చినా కొలిచే దిక్కు లేదు.

"డ్రైవర్లు సరిగ్గా ఉంటే ఇవన్నీ ఎందుకమ్మా" అంటారు మా ఆయన తరఫు పెద్దవాళ్లు. మీ స్టాఫ్ రూములోనూ అనేవాళ్లు ఉంటారు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి డెబ్బైకి పైగా మరణాలను ప్రభుత్వ నివేదిక అతివేగం ఖాతాలో రాసింది. ప్రమాదాల సంఖ్యలో మొదటి స్థానం మన తమిళనాడుదే, 64,105. అతివేగం నిజమే కావచ్చు, కాదనను. కానీ ఆ గడి నింపాక ఫైలు మూసేస్తారు. ఏ వస్తువు ప్రాణం తీసిందో, అది అక్కడ ఎందుకుందో ఎవరూ అడగరు. 1950లు, 60లలో జనరల్ మోటార్స్ వాళ్ల మిల్‌ఫర్డ్ ట్రాక్ మీద కెనెత్ స్టోనెక్స్ అనే ఇంజినీరు గమనించింది ఇదే. అక్కడ నడిపేవాళ్లు శిక్షణ పొందిన డ్రైవర్లు, ఎదురు బళ్లు లేవు, పాదచారులు లేరు. అయినా బళ్లు రోడ్డు దిగుతూనే ఉన్నాయి. ఆయన డ్రైవర్లను తిట్టడం మానేసి చెట్లు, రాళ్లు తీయించాడు, గట్ల వాలు తగ్గించాడు. దిగిన బళ్లలో నూటికి ఎనభై 9 మీటర్ల లోపే ఆగిపోతున్నాయని లెక్క తేలింది. ఇవాళ్టికీ క్లియర్ జోన్ (రోడ్డు పక్కన అడ్డంకుల్లేకుండా ఉంచే జాగా) పాఠమంతా అక్కడి నుంచి వచ్చిందే.

2022 సెప్టెంబరు 4న పాల్ఘర్ దగ్గర సూర్యా నది వంతెన మీద టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ కారు ప్రమాదం గుర్తుండే ఉంటుంది. వెనక సీట్లో ఇద్దరూ చనిపోయారు, ఇద్దరూ బెల్టు పెట్టుకోలేదు. వారం రోజుల పాటు టీవీల్లో వెనక సీటు బెల్టే చర్చ. మంచిదే. కానీ కారు గుద్దింది వంతెన పారాపెట్ గోడ మొదలును. అప్పట్లో మూడు లేన్ల రోడ్డు వంతెన దగ్గర ఇరుకై రెండయ్యేది, ఆ గోడ షోల్డర్‌లోకి, అంటే లేన్ల పక్క జాగాలోకి, పొడుచుకు వచ్చి ఉండేది. గోడ గురించి మాట్లాడింది కొద్దిమంది నిపుణులే. చెన్నై నుంచి నాలుగు వైపులా పోయే ఏ పాత రోడ్డు మీదైనా ఇలాంటి పారాపెట్లు మీకు కనబడతాయి. చూడటం మొదలుపెడితే ఇక చూడకుండా ఉండలేరు. మా పిల్లలు నాతో కారెక్కడమే విసుగంటారు.

చట్టం ఉంది కదా అంటారు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 198ఏ అనే సెక్షన్ వచ్చింది. రోడ్డు డిజైన్‌లో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల చావు గానీ అంగవైకల్యం గానీ కలిగితే లక్ష రూపాయల వరకు జరిమానా. హైవే కాంట్రాక్టులో లక్ష రూపాయలంటే ఎంతో మీకు చెప్పక్కర్లేదు. పోనీ ఆ లక్షయినా వేయాలంటే కోర్టులో ఎవరో ఒకరు నిలబడి ఇది ప్రమాణం, ఇది తేడా, ఈ తేడా వల్లే ఈ చావు అని చెప్పాలి. ఆ సాక్షి మీలాంటి ప్రొఫెసరే అయ్యుండాలి. లాయరు చెప్పలేడు, నేను చెప్తే కన్సల్టెన్సీ మనిషంటారు.

అసలు కారణం ఇంకా చెప్పనేలేదు. సికింగ్ పుస్తకాలు తెచ్చుకుని ఇక్కడ అమలు చేసేస్తే చాలదా, మళ్లీ ఒక ప్రొఫెసరు ఎందుకు అంటే, చాలదు. 2022 మృతుల్లో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లు. నెబ్రాస్కా మైదానంలో గుద్దించినవి కార్లు, పికప్‌లు, లారీలు. మనకు డబ్ల్యూ-బీమ్ అంటే కారుకు రక్షణ, బైకు మీంచి జారిపడ్డవాడికి కత్తి. మనిషి నేల మీద జారుకుంటూ వెళ్లి బీమ్ కిందనున్న పోస్టుకు తగులుతాడు. యూరప్‌లో దీనికి ఒక పరీక్ష ఉంది. డమ్మీని వెల్లకిలా పడుకోబెట్టి, తల ముందుగా, 30 డిగ్రీల కోణంలో, గంటకు 60 లేదా 70 కిలోమీటర్ల వేగంతో జారవిడుస్తారు. పోస్టులు తగలకుండా కింద ఇంకో రేకు బిగించిన బ్యారియర్లు స్పెయిన్‌లో, ఫ్రాన్స్‌లో ఉన్నాయి. కానీ ఆ డమ్మీ కూడా హెల్మెట్ పెట్టుకున్న ఒంటరి మగవాడు. వెనక చీరకట్టుతో పక్కకు కూర్చున్న అమ్మ, ముందు ట్యాంకు మీద పిల్లాడు, హ్యాండిల్‌కు సరుకుల సంచి, ఇది ఏ దేశపు మాన్యువల్‌లోనూ లేదు. మూడు చక్రాల ఆటో బ్యారియర్‌ను తాకితే తిరుగుతుందా, పల్టీ కొడుతుందా? ఇది మన పరీక్ష పేపరు. బయటివాళ్లు రాసిపెట్టరు.

మన దేశంలో ఈ దారి వేసినవారు లేరని కాదు. ఐఐటీ ఢిల్లీలో దినేశ్ మోహన్ గారు 1979 నుంచి ఇదే పని చేశారు. ఆయన మిషిగన్‌లో బయోమెకానిక్స్ చదివి, అమెరికాలో హైవే సేఫ్టీ సంస్థలో పనిచేసి వెనక్కి వచ్చారు. హెల్మెట్ల మీద, ఆటో గుద్దితే పాదచారికి ఎక్కడ దెబ్బ తగులుతుందన్న దాని మీద, చివరికి గడ్డి కోసే మిషన్లలో రైతుల చేతులు తెగిపోవడం మీద కూడా పనిచేశారు. 2021 మేలో కోవిడ్‌తో పోయారు. ఇక్కడ మన ఐఐటీ మద్రాసులో రోడ్డు భద్రతకు ప్రత్యేక కేంద్రం ఉంది. పోలీసులు ప్రమాద స్థలంలోనే ఫోనులో వివరాలు ఎక్కించే ఐరాడ్ వ్యవస్థ వాళ్లు, కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ కలిసి చేసిందే. 2021లో మొదలైన ఆరు రాష్ట్రాల్లో తమిళనాడు ఒకటి. ఐఐటీ ఉంది కదా, మనమెందుకు అని మీరు చేతులు దులుపుకోవద్దు. ఈ రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు వందల్లో ఉన్నాయి. కాంక్రీటు క్యూబులు పగలగొట్టే ల్యాబు ప్రతి చోటా ఉంది.

డబ్బు గురించి. ఒరగడంలోని జీఏఆర్‌సీ అనే వాహన పరీక్షా కేంద్రంలో కార్ల క్రాష్ టెస్ట్ ల్యాబు ఉంది. 2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన, కార్లకు భద్రతా స్టార్లిచ్చే భారత్ ఎన్‌క్యాప్‌లో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుకు గుద్దిస్తారు, పక్కవాటుగా 29 కిలోమీటర్లతో స్తంభానికి గుద్దిస్తారు. మనవాళ్లు ఇప్పుడు కారు కొనేముందు మైలేజీతో పాటు స్టార్లెన్ని అని కూడా అడుగుతున్నారు, సంతోషం. కానీ ఫైవ్ స్టార్ కారు 80 మీద వెళ్లి గుద్దే స్తంభం ఏ కంపెనీదీ కాదు కాబట్టి దానికి స్టార్లు ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. బ్యారియర్ పరీక్షలు మన దేశంలో అసలు జరగవని కాదు. వెదురుతో చేసిన బ్యారియర్‌ను పీతంపూర్‌లో పరీక్షించి, 2023లో మహారాష్ట్రలో వణి-వరోరా రోడ్డు మీద 200 మీటర్లు పెట్టారు. ఎప్పుడో ఒకటి చేయడం వేరు, ఏటా చేస్తూ పోవడం వేరు. నెబ్రాస్కా కేంద్రానికి ఏటా డబ్బు ఎలా వస్తుందంటే, చుట్టుపక్కల రాష్ట్రాల రోడ్డు శాఖలు తలా కొంత వేసుకుని ఉమ్మడి నిధి పెట్టుకున్నాయి. ఈ ఏడు ఏది పరీక్షించాలో అవన్నీ కూర్చుని తేల్చుకుంటాయి. తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక ఇలా చేయలేవా? ఈ ప్రతిపాదన రాయగల మనిషి యూనివర్సిటీలోనే ఉండాలి, అదీ అసలు చిక్కు.

మైదానం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. అమెరికన్ యూనివర్సిటీలు పాత నియాన్ నుంచి యారిస్ దాకా కార్ల ఫైనైట్ ఎలిమెంట్ మోడళ్లను, అంటే కంప్యూటర్లోనే గుద్దించి చూడగల నమూనాలను, ఉచితంగా అందరికీ ఇచ్చాయి. మీ విద్యార్థులు చాలామంది చదువు కాగానే ఇదే ఊళ్లో ఆటో కంపెనీలకు సీఏఈ (డిజైన్లను కంప్యూటర్ మీద పరీక్షించే) పనిచేస్తారు, ఈ సాఫ్ట్‌వేర్ వాళ్లకు మంచినీళ్ల ప్రాయం. ఒక ఆటో, ఒక 100 సీసీ బైకు, ఒక గేర్‌లెస్ స్కూటరు, వీటి మోడళ్లు మంచివి చేసి అందరికీ ఉచితంగా పెట్టండి. రెండు మూడు బ్యాచ్‌ల పని. పేపర్లు కూడా వస్తాయి, ప్రమోషన్ పాయింట్ల టెన్షన్ ఉన్నవాళ్లు దిగులు పడక్కర్లేదు. కాలేజీ గుర్తింపు కోసం నింపే నాక్, ఎన్‌బీఏ ఫైళ్లలోనూ సామాజిక ప్రయోజనం కింద దర్జాగా రాసుకోవచ్చు. నేనేం వెటకారం చేయడం లేదు, ఆ ఫైళ్లు నింపడానికి మీరు పడే పాట్లు మా చెల్లెలి ఇంట్లో రోజూ చూస్తున్నాను.

సివిల్ వాళ్లకు పని ఇంకా దగ్గరలో ఉంది. ట్రాన్స్‌పోర్టేషన్ సిలబస్‌లో సూపర్ ఎలివేషన్ (మలుపులో రోడ్డు వాలు) ఉంది, సీబీఆర్‌కు (మట్టి బలం పరీక్షకు) ల్యాబే ఉంది. నా దగ్గరకు ఇంటర్న్‌షిప్‌కు వచ్చే పిల్లలను ఐఆర్‌సీ 119 ఏమిటని అడిగితే మొహాలు చూసుకుంటారు. 2015లో వచ్చిన బ్యారియర్ గైడ్‌లైన్స్ అవి. మీ కాలేజీ గేటు ముందున్న రోడ్డు నుంచే మొదలుపెట్టండి. అయిదు కిలోమీటర్లు రెండు వైపులా నడిపించండి. ప్రతి స్తంభం, చెట్టు, పారాపెట్ అంచు నుంచి ఎంత దూరంలో ఉందో రాయించండి. బ్యారియర్ ఉంటే ఎత్తు, ల్యాపు, కొస, పోస్టు కింద మట్టి, ఊడిన బోల్టులు. బ్యారియర్ లేని చోట పెట్టమని వెంటనే సిఫారసు చేయొద్దు. గుద్దుకుంటే బ్యారియర్ కూడా దెబ్బే, వెనకున్నది దానికంటే ప్రమాదమైతేనే అది పెట్టాలి. సికింగ్, ఆయన సహచరుడు మాక్ కలిసి ఈ లాభనష్టాల లెక్కకే ఒక ప్రోగ్రామ్ రాశారు. మన ట్రాఫిక్‌కు తగిన లెక్క ఇంకెవరో రాయాలి. మీ పిల్లలు కొలిచింది ఏటా అదే నెలలో మళ్లీ కొలిస్తే, పదేళ్లకు ఈ రాష్ట్రంలో ఎవరి దగ్గరా లేని రికార్డు మీ డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉంటుంది.

ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. పిల్లలను ఊరికే హైవే అంచుకు పంపకండి. ప్రిన్సిపాల్ సంతకంతో ట్రాఫిక్ పోలీసులకు, రోడ్డు ఎవరిదైతే వాళ్ల ఆఫీసుకు ముందుగా ఉత్తరం ఇవ్వాలి. ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది లోపు పని ముగించాలి, ఎదురుగా వచ్చే వాహనాల వైపు మొహం పెట్టి నడవాలి, ఒకరు కోన్లు పట్టుకుని వెనక కాపలా ఉండాలి. ఇయర్‌ఫోన్లు నిషేధం. జాకెట్లు, కోన్లు, కొలత చక్రం నా దగ్గర ఉన్నాయి, మొదటి బ్యాచ్‌కు నేనే తీసుకొస్తాను. అంబత్తూరు, ఆవడి, పూందమల్లి వైపు కాలేజీలయితే ఏ శనివారమైనా సరే. తాంబరం అవతల అయితే నెల ముందు చెప్పండి, మా ఆఫీసులో సెలవు అంత తేలిగ్గా దొరకదు.

ఇట్లు,
అంబత్తూరు నుంచి ఒక రోడ్ సేఫ్టీ ఆడిటర్